పాలు పోయని చాయ్

నాందేడ్,
ఫిబ్రవరి 11, 2001

దుర్గత్తకు,

బిందు నమస్కారాలు. పెళ్లయి నాలుగేళ్లయినా నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. కోపంతో రాస్తున్నాను కాబట్టి క్షేమ సమాచారాలు చివర్లో ఉంటాయి.

మొన్న అల్వాల్‌లో గండయ్య తాత మనుమరాలి పెళ్లిలో నువ్వు నన్ను చూశావు. చూడలేదని మాత్రం అనకు. నేను పాపను ఎత్తుకొని లేచి నీ దగ్గరికి వస్తుంటే, నువ్వు కొంగు సర్దుకొని వంటల టెంటు వైపు నడిచిపోయావు. నా పక్కన కూర్చున్నావిడ "గామె మీ మేనత్త గాదా? మాట్లాడదా?" అని అడిగింది. రైలు టైమయ్యేదాకా వెతికాను, మళ్లీ కనబడలేదు.

అమ్మ పోయినప్పుడు నాకు తల దువ్వి జడ వేసింది నువ్వు. మొదటిసారి చీర కట్టించింది నువ్వు. కోడలిగా తెచ్చుకోకపోతే పోనీ, మేనకోడలిగా కూడా పనికిరాకుండా పోయానా? నీకూ నాయినకూ మాటలు లేకపోతే నడుమ నేనేం పాపం చేశాను?

పాప పేరు అనూహ్య. బాగా నడుస్తోంది. మా ఆయన ప్రతాప్ గారు జిన్నింగ్ మిల్లులోనే, పత్తి తూకం దగ్గర. నాయిన శామీర్‌పేట ద్రాక్ష తోటలో మేస్త్రీగానే ఉన్నాడు, మోకాళ్లు నొస్తున్నాయట. నువ్వు ఆ దారిన పోతే చూసి రమ్మని అడగాలనుంది గానీ అడగను.

ఇంకా కోపం పోని
బిందు

---

మేడ్చల్,
ఫిబ్రవరి 20, 2001

నా బంగారు బిందూ,

నీ ఉత్తరం అంగన్‌వాడీకే వచ్చింది. పిల్లలకు వడ్డించే గరిటె పక్కన పెట్టి అక్కడే నిలబడి చదివాను. తిట్టావు సరే, నీ చేతి రాత చూసి మస్తు సంతోషమైంది. ఇగ నా మాట విను. నేను నీ మీద అలిగి పోలేదు తల్లీ. చాయ్ కోసం పోయాను.

నవ్వకు. నేను పాలు ముట్టను, చాయ్‌లో కూడా. చాయ్ లేకపోతే మాత్రం తల పగిలిపోతుంది. ఆ రోజు పొద్దున ఇంట్లో తాగకుండానే బస్సెక్కాను. నిన్ను చూశాను, నిజమే. అన్నేళ్లకు కనబడిన పిల్ల ముందు తలనొప్పి ముఖంతో నిలబడటమెందుకు, ఒక్క గుక్క తాగి వద్దామని వంటవాళ్ల దగ్గరికి పోయాను. అక్కడ పెద్ద వంటాయన ఇస్తారి అని ఉన్నాడు, వానితో లొల్లి మొదలైంది.

"పాలు లేకుంట చాయ్ ఏందమ్మా? పాలు తక్కువ పడ్డయనుకుంటరు. పెండ్లోళ్ల ఇజ్జత్ పోతది" అన్నాడు.

"నాకొక్కదానికే పోయి నాయినా, ఎవ్వలకు చెప్పను" అని బతిమాలితే, పాలు పోసి మరిగిన చాయ్‌లోనే చెంబెడు నీళ్లు కలిపి ఇచ్చాడు! దాన్ని పారబోసి, మళ్లీ నీళ్లు పెట్టించి, పొడి నేనే వేసి తాగి వచ్చేసరికి నీ కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు.

బయట కాలు పెడితే నాకిదే పరేషాన్. మేడ్చల్ బస్టాండు హోటల్లో పాలూ పొడీ పొద్దున్నుంచీ ఒకే గిన్నెలో మరుగుతుంటాయి. పాలు లేనిది కావాలంటే, పిండేసిన పొడి గుడ్డ మీద ఉడుకు నీళ్లు పోసి ఇస్తాడు, ఉలవలు నానిన నీళ్ల రంగులో. సుచిత్ర చౌరస్తా దగ్గర ఇరానీ హోటలాయన మాత్రం "సులేమానీయా అమ్మా?" అని, పాలు లేని చాయ్‌కు వాళ్ల పేరు పెట్టి, ఎంతో గౌరవంగా అడిగాడు. నా ప్రాణం లేచి వచ్చింది. తీరా తెచ్చింది తెల్లవారుజాము నుంచి పొయ్యి దిగని డికాషన్. చేదుకు నాలుక వంకర పోయింది. నీళ్లు తెర్లినంక పొడి వేసి, వెంటనే దింపి, మూత పెట్టి కాసేపు ఆగితే చాలు. ఇంత చిన్న పని ఒక్క హోటలు వానికి చేత కాదు.

కోడలిగా తెచ్చుకోలేదని రాశావు. ఆ ముచ్చట ఎత్తకు బిడ్డా. ఎవరు కాదన్నారో ఆ దేవునికి తెలుసు. నా నోటితో చెప్పించకు.

నీ బావ ఎల్లేష్ ఒక కంపెనీలో కరెంటు పని చేస్తున్నాడు. కోడలు వినోద నెమ్మదస్తురాలు. మనవడు నన్ను నిద్ర పోనియ్యడు. అనూహ్యకు నా ముద్దులు.

నీతో మాట్లాడకుండా పోయానని పొద్దుమాపు తిట్టుకుంటున్న
నీ అత్త

---

నాందేడ్,
మార్చి 2, 2001

అత్తా,

నీ ఉత్తరం చదివి గట్టిగా నవ్వాను. మా ఆయన తలుపు దగ్గరికి వచ్చి చూసి వెళ్లిపోయారు. ఎందుకు నవ్వుతున్నావని అడగలేదు. ఆయన ఏదీ అడగరు.

నువ్వు ఇక్కడ పుట్టాల్సింది. ఇక్కడ పాలు లేని దాన్ని కోరా చాయ్ అంటారు. కూలికి పోయేవాళ్ల ఇళ్లలో ఎప్పుడూ అదే. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు కూరగాయలకు పోయి, మార్కెట్ దగ్గర బండి మీద ఒకటి అడిగాను. ఆ ముసలాయన నన్ను వింతగా చూడలేదు, వాదించలేదు. అల్లం దంచి వేసి ఇచ్చాడు. నువ్వు చెప్పినట్టే మూత పెట్టి ఆగాడు కూడా. ఎంత బాగుందో! నువ్వొస్తే ఆ బండి దగ్గరే నీకు మంచం వేయిస్తాను.

సరే గానీ పాలు ఎందుకు మానేశావు? డాక్టరు చెప్పాడా? షుగరా? దాచకు. ఆ పేరు చెప్పి పెళ్లిలో నన్ను తప్పించుకోవడం కాదు, వెంటనే చూపించుకో.

ఇక రెండో ముచ్చట. ఎత్తొద్దన్నావు, ఎత్తుతున్నాను. ఎవరు కాదన్నారో దేవుని దాకా ఎందుకత్తా, నాకే తెలుసు. కాదన్నది నువ్వు. ఎందుకన్నావో అదొక్కటే తెలియదు. నల్లగా ఉన్నాననా? తల్లి లేని పిల్లననా? పెళ్లయిన కొత్తలో రోజూ అద్దం ముందు నిలబడి నాలో ఏం లోపం చూసిందో అని వెతుక్కునేదాన్ని. ఇప్పుడు వెతకడం లేదులే. అయినా నీకు చెప్పాలనిపించింది.

బావకు, వినోదకు, బాబుకు నా అభిమానాలు.

నీ దగ్గర ఏదీ దాచలేని
బిందు

---

మేడ్చల్,
మార్చి 13, 2001

బిందూ,

నీ ఉత్తరం చదివి చింపేద్దామనుకున్నాను. మళ్లీ మడిచి పెట్టె అడుగున పెట్టాను.

నేనా కాదన్నది? ఎవరు పోశారు నీ చెవిలో ఈ విషం? మీ నాయినేనా? సంచిలో ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, చక్కెర పట్టుకొని నేను శామీర్‌పేట బస్సు దిగింది దేనికనుకున్నావు, ద్రాక్షలు కొనడానికా? పిల్లను నా కొడుక్కి ఇయ్యిరా తమ్మీ అని అడుగుదామని నోరు తెరిచేలోపు, నీ నాయిన కండువా దులుపుకొని లేచాడు. "నాకు తోటల పనుంది" అని పోయినవాడు దీపాలు పెట్టేదాకా రాలేదు. అక్క ఎందుకొచ్చిందో తెలిసీ నోరెత్తనియ్యకుండా లేచిపోయినవాడిది కాదనడం కాదా? ఆ నెల తిరక్కుండానే నాందేడ్ సంబంధం ఖాయమైందని ఎవరి చేతనో కార్డు పంపాడు. కరెంటు తీగలు లాగేవానికి పిల్లనెందుకిస్తాడు, మిల్లులో కుర్చీ ఉద్యోగం ఉన్నవాడు దొరికితే! నేను నీ పెళ్లికి వచ్చి వెనక వరసలో కూర్చొని నాలుగు అక్షింతలు వేసి పోయాను. వచ్చింది నీ కోసం.

ఇది రాసి పొయ్యి దగ్గర కూర్చొని ఒక గ్లాసు తాగి వచ్చాను. ఇప్పుడు కొంచెం నయం.

మొన్న శామీర్‌పేట చెరువు దగ్గర కొత్త హోటల్లో మాకు మీటింగు పెట్టారు. అక్కడ చాయ్ అంటే ఏమిచ్చాడనుకున్నావు? కప్పులో గోరువెచ్చని నీళ్లు, పక్కన దారం కట్టిన చిన్న సంచి. మీటింగు సగం సేపు ముంచి ఎత్తి, ముంచి ఎత్తి చేతులు నొచ్చాయి, రంగు రాలేదు. ఆ సంచిని చింపి పొడి అందులో కుమ్మరించాను. మా సూపర్‌వైజరమ్మ నన్ను చూసిన చూపు! ఆమె ముందర ఆ పొడి నమిలి మింగాను. బయటికి వస్తుంటే మీ నాయిన సైకిలు మీద పోతున్నాడు. నన్ను చూశాడు. తల తిప్పుకున్నాడు. నేనూ తిప్పుకున్నాను. మోకాళ్లు నొస్తున్న మనిషి ఆ సైకిలెందుకు తొక్కుతాడో.

నాకు షుగరూ లేదు, ఏ రోగమూ లేదు. మీ మామ ఏడాది మాసికం అయినంక ఆయన బూడిద గంగలో కలపడానికి కాశీకి పోయాను. కాశీకి పోతే ఇష్టమైనదొకటి విడిచి రావాలి కదా. నాకు ప్రాణం లాంటిది చిక్కటి పాల చాయ్. మీ మామకూ అదే ఇష్టం, ఇద్దరం కలిసే తాగేవాళ్లం. అందుకని పాలు గంగలో విడిచి వచ్చాను. అంతే.

మనసు బాగాలేని
అత్త

---

నాందేడ్,
మార్చి 21, 2001

అత్తా,

కాశీకి ఏ నెలలో పోయావు? అది మా ఇంటికి వచ్చిన రోజుకు ముందా, తర్వాతా?

నేనే లెక్క వేసుకున్నాను. మామ మాసికం ఆ చలికాలంలో అయింది. నువ్వు మా ఇంటికి వచ్చింది శివరాత్రి దాటినంక, తోటలో కోతలు మొదలైనప్పుడు. అంటే ముందే. నా లెక్క తప్పని రాయి అత్తా. తప్పయితే బాగుండు.

నాయిన ఎందుకు లేచిపోయాడో నేను చెప్తాను. ఆ రోజు పొద్దున్నే నాయిన తోట బర్రె పాలు తానే పిండి తెచ్చి, "అత్తకు చిక్కగ పెట్టు బిడ్డా" అన్నాడు. నేను పెట్టి తెచ్చాను. తొందరలో సాసర్‌లో కొంచెం ఒలికింది కూడా. నువ్వు తీసుకున్నావు. ముట్టలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ కిటికీ గూట్లో పెట్టేశావు. మీగడ కట్టింది. నాయిన దాన్నే చూస్తున్నాడు. నేను తలుపు చాటు నుంచి నాయిన్ని చూస్తున్నాను.

మన ఇళ్లలో పిల్లనడగడానికి వచ్చిన తల్లి ముందు పిల్ల చేతి చాయ్ తాగి, ఆ తర్వాతే మాట ఎత్తుతుంది. ముట్టకుండా పక్కన పెట్టిందంటే పిల్ల వద్దని. నోటితో చెప్పి నొప్పించకుండా అట్లా తెలియజేస్తారు. కారణం అడగడం ఆడపిల్ల తండ్రికి నామోషీ. ఇది నాకు నేర్పిందే నువ్వు, మా పిన్ని పెళ్లిచూపుల నాడు.

నాయిన అడగలేదు. లేచిపోయాడు. ఆ రాత్రి నాతో ఒక్కటే మాట అన్నాడు: "నా అక్కనే కాదన్నంక ఇగ ఎవలు అవునంటే నాకేంది? ముందు వచ్చిన మంచి సంబంధం చేస్త."

నువ్వు పోయినంక ఆ చాయ్ నేనే తాగాను. చక్కెర ఎక్కువైందేమో చూద్దామని.

బిందు

---

మేడ్చల్,
మార్చి 28, 2001

నా తల్లీ,

నీ లెక్క తప్పు కాదు.

ఉగాది నాడు ఇంటిల్లిపాదీ పచ్చడి తింటుంటే నీ ఉత్తరం నా రవికలో ఉంది. వినోద "ఏమైంది అత్తమ్మా?" అని అడిగితే మామిడికాయ పులుపెక్కువైందన్నాను.

మాతో కాశీకి వచ్చిన పెద్దావిడ ఈదమ్మ గంగ ఒడ్డున అందరికీ గట్టిగా చెప్పింది. "ఇడిసింది ఏడాది దాక నోటికి రావద్దు. చెప్పుకుంటే ఇడిసినట్టు గాదు, గొప్పకు జేసినట్టు." మీ మామ పేరు మీద చేసిన పని కదా, తప్పితే ఆయనకు తగులుతుందేమోనని భయపడ్డాను. బర్రె ఉన్న ఇంట్లో పాలు పోయకుండా పెట్టమంటే మీకు అవమానం. ఎందుకని అడుగుతారు, చెప్పాల్సి వస్తుంది. తమ్ముని ఇల్లే కదా, ఒక పూట తాగకపోతే ఏమవుతుంది అనుకున్నాను. ఆ రివాజు పరాయి సంబంధాలకే అనుకున్నానే తప్ప, నా వేలు పట్టుకొని నడిచినవాడు నన్ను కూడా అట్లా చూస్తాడని నా బుర్రకు తట్టలేదు. ఆడపిల్ల తండ్రికి అక్కయినా ఒకటే, పరాయి మనిషైనా ఒకటే అని ఎందుకు మరిచాను? బుద్ధి గడ్డి తిన్నది బిడ్డా. చేతులు కాలినంక ఆకులు పట్టుకొని ఏం లాభం.

ఆ రోజు ఎల్లేష్ మేడ్చల్ బస్సు స్టేజీ దగ్గరే నిలబడి ఉన్నాడు. నా ముఖం చూసి సంచి అందుకొని, లోపల కుడుకలు అట్లాగే ఉన్నాయని చూశాడు. "మీ మామ లేచిపోయిండు" అని నేనే చెప్పాను. రెండేళ్లు పెళ్లి మాట ఎత్తనియ్యలేదు.

మీ ఇద్దరి బతుకులూ నేను ఆ కిటికీ గూట్లో పెట్టి వచ్చాను. నువ్వు అద్దం ముందు నిలబడి లోపం వెతుక్కున్నావని రాశావే, ఆ మాట నన్ను నిద్ర పోనియ్యడం లేదు. నీలో ఏ లోపమూ లేదమ్మా. నీ అంత పిల్ల నాకెక్కడ దొరుకుతుంది?

ఆదివారం శామీర్‌పేట పోతాను. మీ నాయిన నన్ను గేటు దగ్గరే ఆపినా సరే, చెప్పి వస్తాను. అక్క కాదనలేదని వాడు తెలుసుకోవాలి.

నీకు ముఖం చూపలేని
అత్త

---

నాందేడ్,
మార్చి 31, 2001

అత్తా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. దండం పెడతాను, నాయినకు చెప్పకు. ఇది ఆదివారం లోపు నీకు అందదని తెలుసు. అయినా రాస్తున్నాను. ఆ రోజు వాన పడో, బస్సు రాకో నువ్వు ఆగిపోవాలని మొక్కుకుంటున్నాను.

నాయిన ఇప్పటికీ తోటకు వచ్చిన ప్రతి మనిషికీ చెప్తాడు, "నా బిడ్డను కాదన్న ఇంటికంటె మంచింటికిచ్చిన" అని. ఆ మాట మీదే ఆయన నిలబడి ఉన్నాడు. నేను వచ్చినప్పుడల్లా "సంబురంగున్నవా బిడ్డా?" అని అడుగుతాడు. "ఉన్న నాయినా" అంటాను. ఈయన చెడ్డవారు కాదత్తా. కొట్టరు, తిట్టరు, తాగరు. జీతం తెచ్చి చేతికిస్తారు. మాట్లాడరు, అంతే. ఇంట్లో నా గొంతు నాకే వినబడుతుంది. పాప వచ్చాక కొంచెం నయం. ఈ సంగతి నాయినకు తెలియదు. తెలియకుండా నాలుగేళ్లు కాపాడుకొచ్చాను. అక్క కాదనలేదని తెలిస్తే, నన్ను ఇక్కడికి తోసింది తన తొందరే అనుకుంటాడు. ఆ మోకాళ్లతో ఆ బరువు మోయలేడు.

నువ్వు కాదన్నదానివిగానే ఉండిపో అత్తా. ఈ నింద నా కోసం మోయి. నాకు నిజం తెలుసు, అది చాలు. బావకు కూడా చెప్పకు. వినోద మంచిదని నువ్వే రాశావు.

నీ బిందు

---

మేడ్చల్,
ఏప్రిల్ 5, 2001

బిందూ,

వాన పడలేదు. బస్సు టైముకే వచ్చింది.

తోట గేటు దగ్గర మీ నాయిన నన్ను చూసి లోపలికి పోబోయాడు. "ఆగురా, కూసుండు" అన్నాను, చిన్నప్పుడు అన్నట్టే. కూర్చున్నాడు. పందిరి కింద గంపల నడుమ కూర్చోబెట్టి కాశీ సంగతి, పాల సంగతి, ఈదమ్మ మాట, అంతా చెప్పాను. చేతిలో ఉన్న గుత్తి నుంచి చెడిపోయిన కాయలు ఏరుతూనే ఉన్నాడు.

"మరి ఒక్క మాట నోరు దెరిసి చెప్పకపోతివేందే అక్కా?" అన్నాడు.

"నువ్వొక్క మాట అడగకపోతివేందిరా?" అన్నాను.

వాడు కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మా అమ్మ పోయిన రోజు కూడా నా తమ్ముడు అట్లా ఏడవలేదు. నేను వాని తల నా భుజానికి ఆనించుకొని కూర్చున్నాను. పని వాళ్లు చూస్తున్నా నాకు సిగ్గనిపించలేదు.

తేరుకున్నాక నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అక్కా, బిందుకు చెప్పకు. సంబురంగున్న అంటది గని, దాని మొఖం నాకు తెల్వదా? ఆడ ఎట్లనో ఎల్లదీస్తాంది. గిదంతా పొరపాట్ల అయ్యిందని తెలిస్తే ఆ ఇంట్ల కాలు నిలువదు. నువ్వు కాదన్నట్టే ఉండు. నాతోని మాటలు లేనట్టే ఉండు. నా బిడ్డ కోసం గీ నింద మొయ్యి. దానికి తెల్వదు గదా?"

"తెల్వదు" అన్నాను. ఇంకేమనను?

ఇంటికి వచ్చిన మూడో రోజు నీ ఉత్తరం అందింది. మీ నాయిన మాటలే, నీ చేతి రాతలో.

కాబట్టి ఇగ నేను చెప్పినట్టు చెయ్యి. ఎండాకాలం పాపను తీసుకొని వస్తావు కదా. "సంబురంగున్నవా?" అని అడుగుతాడు. ఎప్పుడూ అన్నట్టే అను. నమ్మినట్టు తల ఊపుతాడు, ఊపనియ్యి. ఎవరి పెళ్లిలోనో ముగ్గురం కలిస్తే నీ ముందర నన్ను చూసి తల తిప్పుకుంటాడు. అది నీ కోసం తిప్పుకోవడం. నేనూ తిప్పుకుంటాను. నీకు ఎంత ప్రాణం కొట్టుకున్నా సరే, ఆయన ముందర నాతో మాట్లాడకు బిడ్డా.

మీ అత్త
దుర్గాబాయి